మొలల శస్త్రచికిత్స - నొప్పి నివారణ

ఈ సాయంకాలము నేను చెప్పబూనిన విషయము నలుగురిలో మాటలాడుకొనుటకు మనవారు సిగ్గుపడునది. మొలలనియు, మూలశంకయనియు, అర్శస్సులనియు పిలువబడు ఈ వ్యాధి పల్లెలలోని పెద్దలనేకులకు పరిచయమైనదే. అయినను వైద్యుని యొద్దకు వచ్చినవారు "కడుపులో వేడి" యని మొదలిడి, ఆకలి గూర్చియు నిద్ర గూర్చియు పది నిమిషములు మాటలాడి, సెలవు తీసికొని వాకిలి దాటబోవునపుడు వెనుదిరిగి అసలు సంగతి చెప్పుదురు. నేను నలువది యేండ్లకు పైగా శస్త్రవైద్యము చేసితిని. ఇట్లు గడపకడ వెనుదిరిగిన ముఖములు నాకెన్నియో జ్ఞాపకమున్నవి.

సిగ్గు ఒక కారణము. రెండవది భయము. నేడు నేను ముఖ్యముగా మాటలాడునది ఈ భయమును గూర్చియే. అది వట్టి భయము కాదు. దానికి పుట్టుక యున్నది. మా యింటిలోనే దాని పుట్టుకను నేను చూచితిని.

మా మేనమామగారిది కోనసీమలో నొక పల్లె. 1967లో వారికి ముప్పదియైదేండ్లు. రక్తము పోయి పోయి ముఖము తెల్లబారగా, పట్టణములో నొక వైద్యశాలకు తీసికొనిపోయి కోత చేయించిరి. అప్పుడు నేను పండ్రెండేండ్ల బాలుడను. అన్నము క్యారియరు మోసికొని పోవుట నా పని. కోతనాడు మామయ్యకు ఏమియు తెలియలేదు. ఆ రాత్రి మాత్రము మత్తు దిగిన పిమ్మట వారు మంచపు పట్టెను పట్టుకొని తెల్లవార్లు మూలుగుచునే యుండిరి. అడిగిన వారికి "కోత గదా, నొప్పి యుండదా?" యని సమాధానము. దొడ్డికి పోవలసి వచ్చునని వారు అన్నము మానివేసిరి, నీరును మానివేసిరి. నాలుగవనాడు ఆగనిది ఆగక వచ్చినది. ఆ కేకను నేను గది వెలుపల క్యారియరు పట్టుకొని వింటిని.

ఇంటికి వచ్చిన పిమ్మట మామయ్య రచ్చబండకడ ఆ కథను ఎన్ని మారులు చెప్పిరో లెక్కలేదు. "ఒరే, కోత కాదురా నన్ను చంపింది, నాలుగోనాటి పోకడ! చచ్చినా కోయించుకోవద్దు" అని వారి ఉపదేశము. మామయ్య మాటకారి. ఆ మాట ఆ చుట్టుపట్ల నాలుగైదు ఊళ్ళలో పాతుకొనిపోయినది.

నొప్పి యెందుకంత తీవ్రముగా నుండునో ముందు తెలిసికొందము. మలద్వారపు గొట్టము పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. దాని నడుమ దువ్వెన పండ్లను పోలిన యొక గీత యున్నది. ఆ గీతకు పైనున్న పొర ప్రేగు జాతిది. అచ్చట సూదితో గ్రుచ్చినను నొప్పి తెలియదు. గీతకు దిగువనున్నది చర్మజాతిది. వ్రేలి కొనకెంత స్పర్శ కలదో దీనికి నంత కలదు. లోపలి మొలలు గీతకు పైన పుట్టును గనుకనే నొప్పి లేకుండ రక్తము కారును. "నొప్పి లేదు గదా" యని మనవారు ఏండ్ల తరబడి ఊరకుందురు. మొల పెరిగి వెలుపలికి జారి, కోయవలసి వచ్చినపుడు కత్తి గీతను దాటి దిగువకు రాక తప్పదు. 1937లో లండనులో మిల్లిగన్, మోర్గన్ అను వైద్యులు ప్రకటించిన పద్ధతిలో మొలలను మొదలంట కోసి, ఆ పుండ్లను కుట్టక విడిచి, వాటంతట మానునట్లు చేయుదురు. కొలదిపాటి మార్పులతో నేటికిని ఆ పద్ధతియే విరివిగా వాడుకలో నున్నది. పుండు పూర్తిగా మానుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును.

అంతతో పోలేదు. మలద్వారమును మూసియుంచు కండరములు రెండు. వెలుపలిది మన యిష్టమునకు లోబడును. లోపలిది మన మాట వినదు. పుండు తగిలినంతనే ఆ లోపలి కండరము పిడికిలివలె బిగిసికొనును. బిగిసిన కొలది నొప్పి; నొప్పి యెక్కిన కొలది రోగి మలమును ఆపును; ఆపిన మలము గట్టిపడి పచ్చిపుండును గీరికొనుచు దిగును; మరల బిగింపు. మా మామయ్యకు జరిగినది సరిగా నిదియే. వారు అన్నము మానుట తెలివి యనుకొనిరి. దానితో మలము మరింత పిడకవలె నయ్యెను.

ఈ చక్రమును ఎచ్చటనైనను తెగగొట్టవచ్చును. అందులకు నేడున్న సాధనములలో ముఖ్యమైనది ఆ చోటును మాత్రమే మొద్దుబారించు మందు. మనిషి మెలకువగనే యుండును, మాటలాడును. నొప్పి మాత్రము తెలియదు. నాడి యనగా వార్తను మోయు తీగ. ఆ తీగ పొడవునను సూక్ష్మమైన తూములున్నవి. ఉప్పులోని సోడియము కణములు ఆ తూముల గుండ లోనికి చొచ్చుకొనుచు పోవుటచేతనే వార్త ముందుకు సాగును. మందు ఆ తూములకు కొంతసేపు పలకలు వేయును. నీరు పారని కాలువ వలె నాడి ఊరకుండును. మందు మెల్లగా రక్తములో కలిసిపోయిన పిమ్మట పలకలు లేచును, మరల వార్త పారును. నాడికి నష్టము లేదు.

ఈ విద్య పుట్టి నూటనలువది యేండ్లు దాటినది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అను యువ వైద్యుడు కోకా ఆకులనుండి తీసిన కొకేయినును కంటిలో వేసి, కన్ను మొద్దుబారుట కనుగొనెను. ఆ సెప్టెంబరు 15వ తేదీన హైడెల్‌బర్గులో జరిగిన కంటివైద్యుల సభకు పోవుటకు ఆయన చేత డబ్బు లేకపోయెను; వ్యాసమును మరియొకరు చదివిరి. కొకేయిను వ్యసనమునకు దారితీయును, ప్రాణమునకును ముప్పు. కావున 1905లో ప్రొకేయిను వచ్చినది. 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అను రసాయన శాస్త్రజ్ఞులు లిగ్నొకేయినును తయారుచేసిరి. లుండ్‌క్విస్ట్ దానిని తన శరీరముననే గ్రుచ్చుకొని పరీక్షించెనట. 1957లో బ్యుపివకేయిను పుట్టినది. మన వైద్యశాలలలో నేడు వాడునవి ముఖ్యముగా ఈ కడపటి రెండే. లిగ్నొకేయిను త్వరగా పట్టును, గంట రెండు గంటలలో దిగిపోవును. బ్యుపివకేయిను ఆలస్యముగా పట్టును గాని నాలుగు మొదలు ఎనిమిది గంటల వరకు నిలుచును.

మొలల కోతకు సాధారణముగా వెన్నులో సూది నిచ్చి నడుము దిగువ భాగమును మొద్దుబారింతురు. కోత ముగియునపుడు, రోగి యింకను ఆ మత్తులోనుండగనే, పుండు చుట్టును బ్యుపివకేయిను గ్రుచ్చుదురు. లేదా ఆ ప్రాంతపు స్పర్శను మోయు పెద్ద నాడికి, కూర్చున్నపుడు పీటకానుకొను ఎముక దాపున, ఇరువైపుల మందు వేయుదురు. వెన్నులోని మత్తు దిగినను ఈ రెండవ మందు కావలి కాయుచుండును. మొదటి రాత్రిలో చాల భాగము ఇట్లు గడచును.

ఇచ్చట నొక చిక్కున్నది. మందు దిగునది తరచుగా నడిరాత్రి. సాయంకాలము వరకు నవ్వుచు మాటలాడిన రోగి, "నాకు నొప్పియే లేదు, మాత్ర యెందుకు?" అని నర్సు ఇచ్చిన మాత్రను దిండు క్రింద దాచును. పల్లెటూరి వారిలో ఈ అలవాటు మెండు; ఓర్చుకొనుట మగతనమని వారి నమ్మకము. నడిరాత్రి మందు దిగగనే నొప్పి ఒక్కసారిగా మీద పడును. అప్పుడు మ్రింగిన మాత్ర పనిచేయుటకు గంట పట్టును. ఆలోపల కండరము బిగిసిపోవును. కావున మొద్దుబారించు మందు దిగకముందే పారాసిటమాలు వంటి మాత్రను వేయవలెను. మొదటి మూడు నాలుగు దినములు నొప్పి యున్నను లేకున్నను వైద్యుడు చెప్పిన వేళకు వేయుచుండవలెను. వాపును తగ్గించు ఘాటైన మాత్రలు కూడ కలవు. అయితే మూత్రపిండముల జబ్బు గాని, కడుపులో పుండు గాని, గుండెకై రక్తమును పలుచబరచు మందు వాడుట గాని యున్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. నల్లమందు జాతి మాత్రలు నొప్పిని బాగుగనే అణచును. కాని నల్లమందు విరేచనములను కట్టునని మన పెద్దలెరుగనిది కాదు. మొలలు కోసిన వానికి మలబద్ధమును తెచ్చు మందు ఇచ్చుట, ఇల్లు కాలుచుండగా గాలికి తలుపులు తీయుట వంటిది. తప్పనిసరియైనపుడు కొలదిగా వాడి, వెంటనే మానవలెను.

బ్యుపివకేయినును క్రొవ్వు కణములలో పొదిగి మెల్లగా విడుదలయగునట్లు చేసిన యొక రకమును 2011లో అమెరికా ప్రభుత్వ సంస్థ శస్త్రచికిత్స పిమ్మటి నొప్పిని అణచుటకు అనుమతించినది. దాని వెల మిక్కుటము. వెలకు తగినంత మేలు దానివలన కలుగునని నాకు తోచలేదు. పాత మందును సరియైన చోట, సరియైన మోతాదులో వేయగలిగిన చేయి యుండిన చాలును.

ఇంటికి వచ్చిన పిమ్మట లిగ్నొకేయిను జిగురు, లేదా లేపనము ఇత్తురు. జిగురులో నూటికి రెండు పాళ్ళు, లేపనములో నూటికి అయిదు పాళ్ళు మందుండుట సాధారణము. దొడ్డికి పోవుటకు పది పదునైదు నిమిషముల ముందు చేయి కడుగుకొని, శనగగింజంత తీసికొని, ద్వారము చుట్టును మెత్తగా పూయవలెను. నొప్పి తగ్గుట ఒక ఫలము. రోగి భయము విడిచి, ముక్కక, కండరమును సడలించుట దానికంటె పెద్ద ఫలము. ఎక్కువ పూసినచో ఎక్కువ మేలు కలుగదు. పచ్చిపుండునుండి మందు రక్తములోనికి త్వరగా ఎక్కును. వారముల తరబడి వాడినచో చర్మము దురదపెట్టి పొక్కును. అప్పుడు రోగి అది మొలల దురద యనుకొని మరింత పూయును! ఇట్టివారిని ఎందరినో చూచితిని. లేపనము మాన్పించుటయే వారికి వైద్యము.

మరియొక సంగతి మరువకుడు. లేపనము పూసి మొద్దుబారి యున్నపుడు వేడినీటిలో కూర్చుండరాదు. వేడి తెలియదు, చర్మము ఉడికిపోవును. వెన్నులో సూది పొడిచిన దినమున కాళ్ళకు తిమ్మిరి యుండగా వేడినీళ్ళ సంచి పెట్టుటయు ఇట్టిదే. తొట్టిస్నానము మంచిదే, చాల మంచిది. వెడల్పైన బేసినులో గోరువెచ్చని నీరు పోసి, ఆ వెచ్చన మోచేతితో చూచి, పది పదునైదు నిమిషములు కూర్చుండవలెను. దినమునకు రెండు మూడు మారులు, దొడ్డికి పోయివచ్చిన పిమ్మట తప్పక చేయవలెను. లోపలి కండరము ఆ వెచ్చనకు సడలును. నీటిలో ఉప్పుగాని ఘాటైన మందుగాని కలుపనక్కరలేదు. కూర్చుండి లేచిన పిమ్మట, ఆరిన చర్మముపై లేపనము.

కండరమును సడలించుటకే వేరు లేపనములు కలవు. గుండెనొప్పి వచ్చినపుడు నాలుక క్రింద పెట్టుకొను మందునే మిక్కిలి పలుచజేసి ఇచ్చట పూయుదురు. కొందరికి దానివలన తలనొప్పి వచ్చును. డిల్టియజెము అను రక్తపోటు మందు లేపనముతో ఆ బాధ తక్కువ.

ఇంక ఆహారము. ఉపవాసము వద్దు. అన్నము, పప్పు, ఆకుకూరలు, మజ్జిగ, పండ్లు తినుచునే యుండవలెను. రాత్రి పరుండబోవునపుడు ఇసబ్‌గోలు పొట్టును నిండు గ్లాసు నీటితో పుచ్చుకొనవలెను. నీరు తక్కువైనచో అదియే అడ్డుపడును. మలమును మెత్తపరచు పానకము వంటి మందును వైద్యుడు ఇచ్చియుండిన మానరాదు. మొదటి విరేచనము రెండవ మూడవ నాటికి వచ్చుట మేలు. కొంత మంట తప్పదు; ఏమియు నుండదని చెప్పు వైద్యుని నమ్మకుడు. కొలది రక్తపు చారలును సహజమే. రోజు రోజునకు తగ్గుచు వచ్చు నొప్పి మంచి నొప్పి. మూడవనాటి తరువాత తగ్గక పెరుగుచున్నను, చలిజ్వరము వచ్చినను, పొత్తికడుపు ఉబ్బి మూత్రము రాకున్నను, వారము పదిదినముల కడ గడ్డలు గడ్డలుగా రక్తము పోయినను, లేపనములతో కాలక్షేపము చేయక ఆ రాత్రియే వైద్యశాలకు పోవలెను. చీము పట్టినచోట మొద్దుబారించు మందు సరిగా పనిచేయదు. "మందు పట్టలేదు" అని మరింత పూయుట ఆపదను దాచుటయే యగును.

ఈ మందులు మేలైనవే గాని ఆటవస్తువులు కావు. రెండు పాళ్ళ లిగ్నొకేయినులో ఒక మిల్లీలీటరునకు ఇరువది మిల్లీగ్రాములుండును. ఒక్కసారికి 300 మిల్లీగ్రాములు, అనగా పదునైదు మిల్లీలీటర్లు దాటరాదని పెద్దలకు సాధారణముగా పెట్టిన హద్దు. బక్కపలుచని వృద్ధునకు అంతకంటె తక్కువ. హద్దు దాటినను, సూది రక్తనాళములో పడినను, పెదవులు మొద్దుబారును, నోట లోహపు రుచి పుట్టును, చెవులు హోరెత్తును, తరువాత మూర్ఛ, గుండె నిలుచుట. బ్యుపివకేయిను గుండెపై మరింత కఠినము. బల్లపై నుండగా ఈ గురుతులు కనిపించినచో సిగ్గుపడక వెంటనే చెప్పుడు. క్రొవ్వుతో చేసిన తెల్లని ద్రవమును నరములోనికి ఎక్కించి ప్రాణము నిలుపు విధానము నేడు కలదు. కాని అది ఆసుపత్రిలోనే సాధ్యము. సంతలలో గుడారము వేసి "కోత లేదు, నొప్పి లేదు, పది నిమిషములలో మొలలు మాయము" అని పిలుచువారి సంచిలో ఆ ద్రవముండదు. ఆ గుడారమునుండి మలద్వారము కుళ్ళి, బిగిసి మూసికొనిపోయి, నాయొద్దకు తెచ్చిన రైతు నొకనిని బాగుచేయుటకు నాకు ఆరు నెలలు పట్టినది. సుశ్రుతుడు సహితము ఈ వ్యాధికి మందు, క్షారము, అగ్ని, శస్త్రము అను నాలుగింటిని వేరు వేరు దశలకు విధించినాడే గాని, అందరికి ఒకటే యనలేదు.

మరల మా మామయ్య యూరికి వత్తును. 1989లో ఆ యూరి పెద్దరైతు ఒకరు నాకడకు వచ్చిరి. రెండేండ్లుగా రక్తము పోవుచున్నదట. మొలలే యనుకొని దాచిరి. ఎందుకు దాచిరనగా, "మీ మామయ్య చెప్పినాడు గదయ్యా" యనిరి. వ్రేలితో పరీక్షింపగా నాకు మెత్తని మొల తగులలేదు. రాయివంటి గడ్డ తగిలినది. అది పుట్టకురుపు. మొదట వచ్చియుండిన కోసి తీయదగినది. అప్పటికి కాలేయమునకు పాకినది. ఆయన ఆ సంక్రాంతిని చూడలేదు. ఆ సంగతి నేను మామయ్యకు చెప్పినపుడు వారు చాలసేపు మాటలాడలేదు. నలువదేండ్లు దాటినవానికి మలములో రక్తము కనబడినచో, నొప్పి లేకున్నను, అది మొలలే యని ఇంటిలో తీర్పు చెప్పుకొనక, ఒకమారు వ్రేలితోడను, గొట్టపు దుర్బిణీతోడను పరీక్ష చేయించుకొనవలెను. ఈ పరీక్షకును జిగురు మందు పూయుదురు.

2011లో మామయ్య కుమారునకే కోత అవసరమయ్యెను. మామయ్యకప్పుడు డెబ్బదితొమ్మిదేండ్లు. వద్దన్నను వినక వైద్యశాలకు వచ్చి మంచము ప్రక్కన కుర్చీ వేసికొనిరి. కోత నేనే చేసితిని. ముగియునపుడు ఇరువైపుల నాడులకు మందు వేసితిని. రాత్రి పదిగంటలకు, "నొప్పి లేదు నాన్నా" యని వాడు మాత్రను ప్రక్కన పెట్టబోగా, "మందు దిగకముందే వేసుకోమన్నాడురా డాక్టరు, మింగు" అని మామయ్యయే నీళ్ళు అందించిరట. మూడవనాటి ఉదయము వాడు జిగురు పూసికొని, కాలు గంట యాగి, దొడ్డిలోనికి పోయెను. నేను వచ్చునప్పటికి మామయ్య ఆ తలుపు వెలుపల చేతికర్రపై గడ్డము ఆన్చి నిలుచుండి చెవియొగ్గి వినుచుండిరి. లోపల కుళాయి నీటి చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. కొంతసేపటికి వాడు తలుపు తీసికొని వచ్చి, తండ్రిని చూచి తెల్లబోయి, "ఏం నాన్నా, ఇక్కడ నిలబడ్డావు?" అని యడిగెను.

"ఏం లేదురా" అని మామయ్య మెల్లగా కుర్చీకడకు నడచిరి.